రాత్రి పదిన్నరకు భోజనం, పదకొండుకు పడక: ఛాతీ మంటకు సహజమైన దారి ఏది?

దేవరకొండ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దని కోరారు. వయసు 46 ఏళ్లు. భర్తతో కలిసి చిన్న కర్రీ పాయింటు నడుపుతున్నారు. పొద్దున కూరగాయలు తరగడంతో మొదలైన పని రాత్రి పది దాకా కవర్లలో కూరలు కట్టి ఇస్తే గాని ముగియదు. షట్టరు దించి ఇంటికి చేరాక అత్తగారికి, భర్తకు వడ్డించి, అమ్ముడుపోగా మిగిలిన కూరలతో ఆమె తినేసరికి పదిన్నర అవుతుంది. ఆ వెంటనే వంగి అంట్లు తోముతారు, పదకొండు దాటగానే నడుము వాలుస్తారు. కాసేపటికే ఛాతీలో మంట మొదలవుతుంది. "గొంతుల దాక పుల్లటి నీళ్లు ఎగదన్నుతయి. లేచి గోడకు ఆనుకొని కూసుంటే గాని నిమ్మలం గాదు. ఒక్కో రాత్రి గుండెనొప్పేమో అని భయమైతది" అని రాశారు.

ఏడాదికి పైగా ఇదే బాధ. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న గ్యాస్ గోలీని, అంటే పాంటాప్రజోల్‌ను, మొదట్లో బాధ ఎక్కువైన రాత్రుల్లో మాత్రమే వేసుకునేవారు. ఇప్పుడు దాదాపు రోజూ, అదీ భోజనమయ్యాక వేసుకుంటున్నారు. పుట్టి పెరిగింది మర్రిగూడ వైపు కావడంతో చిన్ననాటి నుంచి బోరు నీళ్లే తాగారు. మోకాళ్లు, నడుము నొప్పులు చాలా కాలంగా ఉన్నాయి. వాటికి ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి గోలీ వారంలో నాలుగైదు రోజులు తప్పదు. బీపీకి అమ్లోడిపిన్ కూడా వాడుతున్నారు. గ్యాస్ గోలీలు కిడ్నీలను పాడుచేస్తాయని ఫోనులో ఒక వీడియో చూసినప్పటి నుంచి ఆమెకు నిద్ర కరువైంది. ఇంట్లో తలా ఒక మాట: అత్తగారు చల్లటి పాలు తాగమంటారు, భర్త ఈనో కలుపుకోమంటారు, ఆడబిడ్డ పరగడుపున ఆపిల్ సైడర్ వెనిగర్ తాగితే మూడు రోజుల్లో పోతుందంటుంది, హైదరాబాదులో చదువుతున్న కొడుకు ఎండోస్కోపీ చేయించుకోమని పట్టుబడుతున్నాడు. కారం మానెయ్యమని మాత్రం అందరూ అంటారు. "కూర రుచి చూడకుంట అమ్ముడెట్ల?" అన్నది ఆమె ప్రశ్న. చివరగా, గోలీలన్నీ మానేసి సహజంగా తగ్గించుకునే దారి చెప్పమని, శనివారం ఒక్కపొద్దు కొనసాగించవచ్చో లేదో కూడా తెలపమని కోరారు.

అమ్మా, మీ భయాలలో ఒకదాన్ని ముందుగా విడిగా చూడాలి. పడుకుంటే రావడం, కూర్చుంటే తగ్గడం, నోట్లోకి పుల్లటి నీళ్లు రావడం అనేవి ఆమ్లం పైకి ఎగదన్నడానికి చెప్పుకునే గుర్తులే. కానీ మీకు బీపీ ఉంది, వయసు నలభై దాటింది. ఆడవారిలో గుండెజబ్బు కొన్నిసార్లు గ్యాసులాగా, వికారంగా, ఆయాసంగా మాత్రమే కనిపిస్తుంది. అందువల్ల ఒకసారి ఈసీజీ తీయించుకొని మనసు కుదుటపరచుకోవడం మంచిది. బరువైన గిన్నె ఎత్తినప్పుడో మెట్లెక్కినప్పుడో ఛాతీ బిగబట్టినట్లయినా, చెమటలు పట్టినా, నొప్పి చేతికో దవడకో పాకినా, అప్పుడు ఈనో కలుపుకుంటూ కూర్చోకుండా 108కి ఫోను చేయించండి.

ఇక గోలీల సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది గ్యాస్ గోలీ కాదు, నొప్పి గోలీ. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మందులు జీర్ణాశయపు లోపలి పొరను కాపాడే జిగురుపూతను దెబ్బతీస్తాయి. వాటిని నెలల తరబడి వాడితే పుండ్లు పడవచ్చు, ఏ నొప్పీ లేకుండానే రక్తస్రావం కావచ్చు. బీపీని పెంచుతాయి, కిడ్నీల మీద భారం వేస్తాయి. మీరు వీడియో చూసి ఏ కిడ్నీల కోసం గ్యాస్ గోలీని మానేద్దామనుకుంటున్నారో, ఆ కిడ్నీలకు దానికన్నా స్పష్టమైన ముప్పు ఈ నొప్పి గోలీ నుంచే ఉంది. పాంటాప్రజోల్ వంటి మందులను ఏళ్ల తరబడి వాడినవారిలో బి12, మెగ్నీషియం తగ్గడం కనిపించింది, అరుదుగా కిడ్నీ వాపు కూడా వస్తుంది; కాబట్టి డాక్టరు చూడకుండా ఏడాది పొడవునా వాడటం సరికాదన్నది నిజమే. కానీ నొప్పి గోలీని కొనసాగిస్తూ గ్యాస్ గోలీ ఒక్కదాన్ని ఆపితే, జీర్ణాశయానికి ఇప్పుడున్న ఆ కాస్త రక్షణ కూడా పోతుంది. ఇది సహజమైన దారి అనిపించుకోదు, ప్రమాదకరమైన దారి అవుతుంది.

అందువల్ల మీ ముందున్న దారులు ఇలా ఉన్నాయి. మొదట మోకాళ్ల నొప్పిని అసలైన డాక్టరుకు చూపించి, నొప్పి గోలీ స్థానంలో పారాసెటమాల్, పైపూత మందు, కాపడం, తొడ కండరాలకు వ్యాయామం వంటివి సరిపోతాయేమో అడగవచ్చు. దీనివల్ల మొదటి వారాల్లో నొప్పి కాస్త ఎక్కువగా తెలియవచ్చు, నిలబడి చేసే పనికి మధ్యలో స్టూలు మీద కూర్చోవలసి రావచ్చు. కానీ కడుపుకు, కిడ్నీకి, బీపీకి ఒకేసారి మేలు జరుగుతుంది. నొప్పి గోలీ తప్పదని డాక్టరే చెబితే, అది వాడినంత కాలం గ్యాస్ గోలీని కూడా ఆయన చెప్పిన మోతాదులో వాడటం రెండో దారి. రెండింటినీ మీ అంతట మీరే ఒక్కసారిగా ఆపడం మూడోది. దాన్ని నేను సమర్థించలేను. ఎందుకంటే నెలల తరబడి వాడిన గ్యాస్ గోలీని హఠాత్తుగా ఆపితే, అంతకాలం అణగి ఉన్న ఆమ్లం కొన్ని వారాలపాటు మామూలుకన్నా ఎక్కువగా ఊరుతుంది. చాలామంది ఆ మంటను చూసి "ఈ గోలీ లేకపోతే ఇక బతకలేం" అనుకొని మళ్లీ మొదలుపెడతారు. మోతాదును మెల్లగా తగ్గించుకుంటూ వస్తే ఆ ఉధృతి అంతగా ఉండదు.

ఇక్కడే ఇంకొక మాట. మీరు ఆ గోలీని భోజనం తర్వాత వేసుకుంటున్నారు. అది సరిగా పనిచేయాలంటే భోజనానికి అరగంట నుంచి గంట ముందు, సాధారణంగా పొద్దున టిఫినుకు ముందు వేసుకోవాలి. సమయం తప్పి వేసుకున్న మందు సగం పని చేస్తే, మందే మంచిది కాదని మనం తీర్మానించుకుంటాం. అమ్లోడిపిన్ కూడా కొందరిలో అన్నవాహిక చివర ఉండి ఆమ్లాన్ని పైకి రాకుండా ఆపే కండరాన్ని కాస్త వదులు చేస్తుంది. అయితే అది బీపీ మందు కాబట్టి మీరుగా ఆపకూడదు. మార్చే వీలుందా అని డాక్టరును అడిగితే చాలు.

ఇప్పుడు మీరు అడిగిన సహజమైన దారికి వస్తాను. మనవాళ్లకు సహజ వైద్యం అనగానే ఇంకేదో ఒకటి తాగడమే గుర్తుకు వస్తుంది. మీ విషయంలో మేలు చేసేది అదనంగా తాగేది కాదు, తినే వేళ. మింగిన ముద్ద అన్నవాహిక నుంచి జీర్ణాశయంలోకి దిగే చోట ఒక కండరపు పట్టీ ఉంటుంది. ముద్ద దిగగానే అది బిగుసుకోవాలి. కడుపు నిండుగా ఉబ్బినప్పుడు ఆ పట్టీ మాటిమాటికీ సడలుతుంది, లోపలి ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. జీర్ణాశయానికి ఆమ్లాన్ని తట్టుకునే పూత ఉంది గాని అన్నవాహికకు అంతటి రక్షణ లేదు, అందుకే మంట. మామూలు భోజనం జీర్ణాశయం దాటడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది, నూనె ఎక్కువైతే ఇంకా ఆలస్యమవుతుంది. మీరు మాత్రం తిన్న వెంటనే వంగి గిన్నెలు తోముతున్నారు, ఆపైన పడుకుంటున్నారు. మూత సరిగా పడని సీసాను నిండా నింపి అడ్డంగా పడుకోబెడితే జరిగేదే ఇక్కడా జరుగుతోంది.

భోజనానికి, పడకకు మధ్య కనీసం మూడు గంటల ఎడం ఉండాలి. అది మీ వృత్తిలో ఎలా కుదురుతుందన్నదే అసలు చిక్కు. దుకాణంలో గిరాకీ ఊపందుకోకముందు, ఆరున్నర ప్రాంతంలో, అక్కడే కూర్చొని పూర్తిగా తినేయడం ఒక దారి. రెండు జొన్నరొట్టెలు, పప్పో తోటకూరో సరిపోతుంది. ఇంటికి చేరాక ఆకలిగా ఉంటే పలుచటి మజ్జిగ ఒక గ్లాసు తాగవచ్చు. దీనికి ఆటంకం కడుపు కాదు, ఇంటి ఆనవాయితీ. అత్త, భర్త తినకముందే కోడలు తినడమేమిటన్న మాట రావచ్చు. ఆ మాటకు జవాబు మీరు చెప్పుకోవడం కన్నా మీ ఆయన చెప్పడం బాగుంటుంది. వీలైతే ఆయన కూడా మీతోపాటే ఆరున్నరకు తింటే ఆ మాటే రాదు. అత్తగారికి సాయంత్రం కూర పంపించి, ఆమెను కూడా ఎనిమిదింటికే తినమంటే ఆమెకూ మేలే. పెద్ద వయసులో పది దాటాక భోజనం ఎవరికీ మంచిది కాదు.

అది కుదరకపోతే భోజనాన్ని రెండుగా విడగొట్టండి: ఆరున్నరకు ముప్పావు భాగం, రాత్రి ఇంటికి వచ్చాక పెరుగన్నం నాలుగు ముద్దలో ఒక అరటిపండో. ఇంట్లో అందరితో కూర్చున్నట్లూ ఉంటుంది. మంట పూర్తిగా పోకపోయినా బాగా తగ్గే అవకాశం ఉంది. దుకాణాన్నే తొమ్మిదికి మూసేయడం కూడా ఒక దారి కాని, రాత్రి ఆలస్యంగా వచ్చే హాస్టలు పిల్లలు, ఒంటరిగా ఉండే ఉద్యోగులు మీకు స్థిరమైన గిరాకీ అయి ఉంటారు. వారిని వదులుకొమ్మని నేను చెప్పను, కనీసం మొదటే చెప్పను. తిన్నాక రెండు మూడు గంటలు మేలుకొని కూర్చోవడమైతే, తెల్లవారుజామునే లేచే మీకు అయ్యే పని కాదు. పైగా నిద్ర తక్కువైనకొద్దీ అదే ఆమ్లం మరింత మంటగా తెలుస్తుంది.

మీ దుకాణం కూర గురించి కూడా ఒక మాట అనక తప్పదు. గుత్తివంకాయ మీద, చికెన్ మీద వేలు మందాన తేలే ఆ ఎర్రటి నూనె గిరాకీని నిలబెడుతుందేమో గాని, రాత్రి పదిన్నరకు అది మీ కడుపులోకి వెళ్తే తెల్లవారేదాకా కదలదు. మీ వాటా కూరను పోపు పెట్టకముందే చిన్న గిన్నెలోకి తీసి పెట్టుకోండి. పచ్చిపులుసు మీద మీకు ఎంత ఇష్టమున్నా, చింతపండు పులుపు, పచ్చి ఉల్లిపాయ రెండూ కలిసిన ఆ వంటకాన్ని మధ్యాహ్నానికి మార్చండి. కారం విషయంలో మీవాళ్లు అన్నంత దోషం లేదు. కడుపులో పుండ్లకు కారమే కారణమని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. చాలా పుండ్లకు మూలం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా అని ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ కనిపెట్టారు. దానికి 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. మిగిలినవాటిలో ఎక్కువ భాగానికి కారణం మనం ముందు చెప్పుకున్న నొప్పి గోలీలే. కారం పుండును పుట్టించదు గాని, ఇప్పటికే ఒరుసుకుపోయిన అన్నవాహికను కొందరిలో మండిస్తుంది. గరిటె అంచున చుక్కతో రుచి చూడటం మీ జబ్బుకు కారణం కాదు. ఉప్పు చూసే వంకతో అరచేతిలో పోసుకొని నాలుగుసార్లు తాగడం మాత్రం తగ్గించుకోవచ్చు. అన్నీ ఒకేసారి మానేసే బదులు, ఏది తిన్న రాత్రి మంట వచ్చిందో క్యాలెండరు మీద రెండు వారాలపాటు గుర్తు పెట్టుకోండి. ఒకరికి పడనిది ఇంకొకరికి పడుతుంది. పరగడుపున చిక్కటి టీ అలవాటు ఉంటే మాత్రం ముందు దాన్నే మార్చి చూడండి.

పడక సంగతి మందు అంత ముఖ్యమైనదే. మంచానికి తలవైపు ఉన్న రెండు కోళ్ల కింద ఎత్తు పెట్టి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు లేపాలి. పడుకోబెట్టిన ఇటుక మందం సుమారు మూడు అంగుళాలు కాబట్టి, కోడు కింద రెండేసి ఇటుకలు పెడితే ఆరు అంగుళాలు వస్తుంది. కోడు జారకుండా ఇటుకల మీద గోనెపట్టా ముక్క వేసి, ఊపి చూసి మరీ పడుకోండి. వడ్రంగి చేత గుంట ఉన్న చెక్కదిమ్మెలు చేయించుకుంటే ఇంకా నయం. దీనికి బదులు తలగడలు మూడు పేర్చుకుంటే మెడ నొప్పి రావడమే కాక, నడుము దగ్గర మడత పడి కడుపు మీద ఒత్తిడి పెరుగుతుంది. నేల మీద పడుకునే అలవాటు ఉంటే పరుపు కింద వాలుగా ఉండే గట్టి దిండు వేసుకోవాలి. ఎడమవైపు తిరిగి పడుకోండి. అలా పడుకున్నప్పుడు జీర్ణాశయం అన్నవాహిక కన్నా దిగువన ఉంటుంది, కుడివైపు తిరిగితే దీనికి వ్యతిరేకం. పగలంతా బిగించి కట్టుకున్న లంగా బొందును తినే ముందే వదులు చేసుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, నడుము చుట్టూ బిగువు కూడా ఆమ్లాన్ని పైకి తోసేదే. బరువు ఎంతో మీరు రాయలేదు. పొట్ట పెరిగి ఉంటే, కొన్ని కిలోలు తగ్గినా ఆ తేడా రాత్రిపూట తెలుస్తుంది.

ఇక తలా ఒకటి చెప్పిన చిట్కాలు. చల్లటి పాలు దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, కాసేపటికి అందులోని కొవ్వు, ప్రోటీను మళ్లీ ఆమ్లాన్ని ఊరిస్తాయి. రాత్రి గ్లాసెడు పాలు తాగి పడుకోవడం మీకు తగదు. ఈనో, వంటసోడా ఆమ్లాన్ని క్షణాల్లో విరుస్తాయి గాని వాటిలో సోడియం ఎక్కువ, మీకు బీపీ ఉంది, కాబట్టి అలవాటుగా వద్దు. వాటికన్నా డాక్టరు రాసే యాంటాసిడ్ సిరప్ మేలు; దానికీ మిగతా గోలీలకూ రెండు గంటల ఎడం ఉంచాలి. వెనిగర్ స్వయంగా ఆమ్లం. ఒరిసిన గొంతు మీద ఆమ్లం పోయడాన్ని వైద్యం అనలేం, పళ్ల మీది పింగాణీ పొర కూడా అరుగుతుంది. పరగడుపున నిమ్మరసానిదీ అదే తీరు. పుదీనా కడుపుకు చలువ అన్న పేరున్నా, ఆ కండరపు పట్టీని అది సడలిస్తుంది. ఛాతీ మంట ఉన్నవారు పుదీనా కషాయానికి దూరంగా ఉండటం నయం. జీలకర్ర నీళ్లు, వాము, పలుచటి పుల్లగాని మజ్జిగ హాని చేయవు, కొందరికి ఊరటనిస్తాయి. అంతకు మించి వాటి నుంచి ఆశించకండి. భోజనం తర్వాత సోంపు నమలడం మాత్రం నాకు నచ్చుతుంది, ఎందుకంటే నమిలినప్పుడు ఊరే లాలాజలం అన్నవాహికలోని ఆమ్లాన్ని కడిగేస్తుంది. అతిమధురం ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు. అది బీపీని పెంచి పొటాషియాన్ని తగ్గిస్తుంది. ఆయుర్వేదం దీన్ని అమ్లపిత్తం అంటుంది. ఆ పద్ధతిలోనే వెళ్లాలనుకుంటే, అవిపత్తికర చూర్ణం వంటివి షాపులో అడిగి కొనకుండా ఆయుర్వేద వైద్యుడికి చూపించుకొని, వాడుతున్న గోలీలన్నీ ఆయన ముందు పెట్టండి. ఆ చూర్ణంలో విరేచనకారి అయిన తెగడ ఉంటుంది.

డాక్టరుకు చెప్పవలసిన మరో సంగతి మీ నీళ్లు. మర్రిగూడ ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడు సంగతి నల్లగొండ జిల్లాలో పుట్టినవారికి నేను చెప్పనక్కరలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు ఏళ్ల తరబడి లోపలికి వెళితే ఎముకలు, కీళ్లే కాదు, కడుపు కూడా బాధపడుతుంది. వికారం, కడుపునొప్పి, ఉబ్బరం కనిపిస్తాయి. ఇప్పుడు ఇంట్లోనూ దుకాణంలోనూ వంటకు, తాగడానికి వాడుతున్నవి నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లా, ఇంకా బోరు నీళ్లా? బోరు నీళ్లైతే వాటిని పరీక్ష చేయించండి. మీ మోకాళ్ల నొప్పి కథ కూడా అక్కడే మొదలై ఉండవచ్చు.

మీ అబ్బాయి చెప్పిన ఎండోస్కోపీ ఇవాళే అవసరమా అంటే, అది కొన్ని గుర్తుల మీద ఆధారపడుతుంది. ముద్ద మింగుతుంటే అడ్డుపడినట్లు ఉండటం, ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం, రక్తం కక్కుకోవడం, మలం తారులా నల్లగా రావడం, ఆగకుండా వాంతులు, రక్తహీనత: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకూడదు. నొప్పి గోలీ వాడేవారు కాబట్టి మలం రంగును, హిమోగ్లోబిన్‌ను మీరు ప్రత్యేకంగా గమనించాలి. ఇవేవీ లేకపోతే, డాక్టరు సలహాతో ఎనిమిది వారాలపాటు గోలీని సరైన వేళకు వేసుకుంటూ, భోజన వేళను, మంచాన్ని మార్చి చూడవచ్చు. తగ్గితే మెల్లగా గోలీని తగ్గించవచ్చు. తగ్గకపోయినా, ఆపగానే తిరిగి వచ్చినా అప్పుడు ఎండోస్కోపీ చేయించుకోవాలి. ముందే చేయించుకుంటే అనుమానం తీరుతుంది, అక్కడే బ్యాక్టీరియా పరీక్ష కూడా అవుతుంది. ఖర్చు, ఒక పూట గిరాకీ పోతాయి. మీరు భయపడుతున్నంత బాధ అందులో లేదు. పరగడుపున వెళ్లాలి, గొంతులో మొద్దుబారే మందు కొడతారు, చిటికెన వేలంత సన్నని గొట్టంతో కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. నల్లగొండలోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మెడిసిన్ డాక్టరును కలిసి, మీరు వాడే గోలీల అట్టలన్నీ సంచిలో వేసుకొని వెళ్లి చూపించండి. పేర్లు చెప్పడం కన్నా అట్టలు చూపించడం తేలిక.

ఒక్కపొద్దు మానెయ్యమని నేను అనను. కానీ పగలంతా టీలతో నెట్టుకొచ్చి రాత్రి పదిన్నరకు ఒకేసారి కడుపు నిండా తినే ఒక్కపొద్దు మీకు పడదు. ఆ ఒక్క పూటను మధ్యాహ్నానికి పెట్టుకొని, రాత్రికి పండ్లతోనో మజ్జిగతోనో సరిపెట్టుకోగలిగితే ఉండవచ్చు. బీపీ గోలీ శనివారం కూడా వేసుకోవలసిందే. నొప్పి గోలీని మాత్రం ఖాళీ కడుపుతో వేసుకోవద్దు. డాక్టరును కలిసేలోపు శనివారం నొప్పి భరించలేనంతగా ఉంటే, ఆ వారానికి ఒక్కపొద్దునే వదిలేయండి.